వైరస్ వదలట్లేదా అండీ?

ఏమండీ, మన ఏలూరులో కంప్యూటర్ మొరాయించిందని ఎవరితో చెప్పుకున్నా వచ్చే సలహా ఒక్కటే: "ఫార్మాట్ కొట్టించెయ్యండి." తాడేపల్లిగూడెంలో అడిగినా అదే మాట. ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువుల మేత లెక్కలు ఎక్సెల్‌లో రాసుకునేవాళ్ల నోటా అదే. సర్వీసు కుర్రాడు వస్తాడు, విండోస్ వేస్తాడు, డబ్బులు పుచ్చుకుని వెళ్తాడు. నాలుగు రోజులు సిస్టమ్ భేషుగ్గా నడుస్తుంది. ఆ తర్వాత క్రోమ్ తెరవగానే మళ్లీ అవే రమ్మీ ప్రకటనలు! "అబ్బ, ఎంత మొండి వైరసో" అని ముక్కున వేలేసుకుంటాం.

నన్నడిగితే ఆ మొండితనంలో వైరస్ వాటా కొంతే. మిగతా వాటా మనదేనండి. కొల్లేటి లంకలవాళ్లకి గుర్రపుడెక్క సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు కదా. ఎంత తీసి గట్టున పోసినా ఒక్క పిలక మిగిలితే చాలు, మళ్లీ అల్లుకుంటుంది. గింజలైతే బురదలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయి. కాబట్టి కంప్యూటర్ కడిగేముందు పిలక ఎక్కడ మిగిలిందో చూసుకోవాలి.

మొదటి చోటు పెన్‌డ్రైవ్. పిల్లల హాల్‌టికెట్ ప్రింటు కోసమో, పొలం కాగితాల కోసమో నెట్ సెంటర్‌కి పట్టుకెళ్తాం. అక్కడి కంప్యూటర్‌కి ఊళ్లో పెన్‌డ్రైవ్‌లన్నీ చుట్టాలే. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చుంటాయి. ఫోటోలు పోయాయని గుండె బాదుకోకండి, చాలాసార్లు అవి ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. దాని మీద నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వైరసూ నిద్రలేస్తుంది. సిస్టమ్ ఫార్మాట్ చేయించి, ఆ పెన్‌డ్రైవ్‌నే మళ్లీ గుచ్చితే ఇంకేం చెప్పమంటారు?

రెండోది క్రాక్. శుభలేఖలకీ, కరపత్రాలకీ అను ఫాంట్లు కావాలి, ఫోటోలు దిద్దడానికి ఇంకేదో కావాలి, కొనబుద్ధి కాదు. తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ, అదే క్రాక్, ఉచితంగా తెచ్చుకుంటాం. ఆ క్రాక్ ఇచ్చినవాడు "ముందు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యండి" అంటాడు చూడండి, అక్కడే అనుమానం రావాలి. 2018 నుంచి ఇళ్లలోని కంప్యూటర్లను పీడించిన స్టాప్ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా ఈ క్రాక్‌ల వెంటే వచ్చింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బడుగుతుంది. అలాంటిది తగిలితే డబ్బు కట్టొద్దు. నో మోర్ రాన్సమ్ అనే సైట్‌లో కొన్ని రకాలకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి.

మూడోది ఎవరికీ తట్టనిది: మీ గూగుల్ ఖాతా. చెత్త ఎక్స్‌టెన్షన్ ఒకటి క్రోమ్‌లో చేరిందనుకోండి. కొత్త విండోస్ వేసి, మళ్లీ లాగిన్ అయి, సింక్ ఆన్ చేశారంటే బుక్‌మార్కులతోపాటు అదీ దిగిపోతుంది. రమ్మీ ప్రకటనల గుట్టు చాలా ఇళ్లలో ఇదే, లేదంటే ఎప్పుడో ఏదో సైట్‌కి "అలవ్" నొక్కి ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి. దానికి ఫార్మాట్ దాకా ఎందుకండీ, క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆ అనుమతి తీసేస్తే సరిపోతుంది.

ఇక నిజంగానే వైరస్ పట్టిందనుకోండి. ముందు వైఫై ఆపండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు శుభ్రంగా ఉన్న ఫోన్ నుంచి మార్చండి. ఫోటోలు, కాగితాలు మాత్రమే వేరే డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు వద్దు. తర్వాత విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. మామూలు స్కాన్ నడిచేటప్పుడు వైరస్ కూడా మెలకువగానే ఉంటుంది, తప్పించుకునే దారులు వెతుకుతుంది. ఆఫ్‌లైన్ స్కాన్ విండోస్ లేవకముందే నడుస్తుంది, ఓ పావుగంట పడుతుంది. అదయ్యాక టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్, ఆపైన టాస్క్ షెడ్యూలర్ చూడండి. చెరిపేసిన ఫైలును గంటగంటకీ మళ్లీ దించమనే ఆజ్ఞ అక్కడే దాక్కుంటుంది. రెండో అభిప్రాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో ఉచిత సాధనాలున్నాయి. అంతేగానీ రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి పెట్టుకోకండి. ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ సిస్టమ్‌ని నిలబెట్టేస్తాయి.

అప్పటికీ లొంగకపోతే ఫార్మాటే, కాదనను. కాకపోతే విండోస్ పెన్‌డ్రైవ్‌ని వేరే మంచి కంప్యూటర్‌లో, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే తయారు చేయించండి. సర్వీసు కుర్రాడి జేబులోది ఎన్ని ఇళ్లు తిరిగొచ్చిందో!

ఇంకో మాట. "అప్‌డేట్ తర్వాత చూద్దాంలే" అని వాయిదా వేస్తుంటాం కదా. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడినప్పుడు మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు విభాగాల కంప్యూటర్లు చిక్కుకున్నాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది. దాదాపు రెండు నెలల ముందు! పోలీసులకే తప్పనిది మనకు తప్పుతుందా? విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇంకా దాంతోనే నడుపుతున్నవాళ్లు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

"మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర నిండా ఎర్రగా కనబడితే మాత్రం చేయకండి. అసలైన యాంటీవైరస్ ఏదీ అలా ఫోన్ చేయమనదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి. ఈసారి కుర్రాణ్ణి పిలిచేముందు ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ ఒకచోట పెట్టి, కంప్యూటర్‌తోపాటు వాటినీ స్కాన్ చేయించండి. సగం మొండి వైరస్‌లు అక్కడే వదులుతాయండీ.