పువ్వు చూస్తే చెయ్యూరుకోదు

రండి, కూర్చోండి. బయట వాన ఇప్పట్లో తగ్గేట్టు లేదు.

జపాన్‌లో చదువుకొచ్చిన మా చుట్టాలబ్బాయి మొన్న ఒక మాటన్నాడు. "అక్కడ సకురా పూస్తే జనమంతా చెట్ల కింద చాపలేసుకుని కూర్చుంటారు బాబాయ్. మనవాళ్ళకి పువ్వు చూడ్డమే రాదు, కనిపిస్తే కోసేస్తారు." నాకు ఉక్రోషం వచ్చింది గానీ, చెప్పొద్దూ, అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. మనకి తట్టే జవాబులన్నీ చుట్టం గుమ్మం దాటాకే కదా తట్టేది.

ఫాల్గుణంలో మా ఆవిడా నేనూ ఆదిలాబాద్ బస్సెక్కాం. నిర్మల్ దాటి ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి కిటికీకి రెండువైపులా మోదుగ చెట్లు. మీరూ చూసే ఉంటారు. ఆకులన్నీ రాల్చేసుకుని, ఒంటిమీద పువ్వు తప్ప మరేమీ లేకుండా నిలబడుతుందా చెట్టు. మొగ్గ అడుగున నల్లటి ముఖమల్ గుడ్డ చుట్టినట్టుంటుంది. అందులోంచి నారింజరంగు చిలకముక్కు బయటికొస్తుంది. సంస్కృతం వాళ్ళు దీన్ని కింశుకం అన్నారు, అంటే 'ఇదేమన్నా చిలకా?' అని. వాసన మాత్రం బొత్తిగా లేదు.

నా పక్క సీట్లో ఓ అవ్వ. "ఎంత బావున్నాయో చూడవ్వా" అన్నాను, ఆవిడకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు.

"మోతుకు పువ్వే గద బిడ్డా" అంది. "నీళ్ళల్ల ఏసి ఉడకబెట్టు, హోళీకి రంగు మంచిగైతది. ఆకొచ్చినంక విస్తర్లు కుట్టుకోవచ్చు."

చూడమనలేదు, గమనించారా? ఉడకబెట్టమంది.

మర్నాడు ఉట్నూరు వైపు వెళ్ళాం. ఆ రోజుల్లోనే ఇప్పచెట్టు కూడా పూస్తుంది. దాని పద్ధతే వేరు. రాత్రంతా పూసి, తెల్లవారేలోగా తనే పూలు రాలుస్తుంది. లేతపసుపు రంగులో, బొద్దుగా, రసం నిండి ఉంటాయి. చెట్టు కింద ముందే ఊడ్చి పెట్టుకుంటారు. ఆరింటికి లేవడమే ఓ ఘనకార్యమనుకుని నేను వెళ్ళేసరికి, ఆడవాళ్ళ బుట్టలు నిండిపోయాయి. కొమ్మకి చెయ్యి తగిలించినవాళ్ళు ఒక్కరూ లేరు. చెట్టు వదిలిందే ఏరుకుంటున్నారు. ఎండబెట్టి దాచుకుంటారు, వండుకుంటారు. సారా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఉట్నూరులో ఇప్పపూల లడ్డూలు కూడా కడతారు. నేను నాలుగు తిన్నాను. మా ఆవిడ లెక్క ప్రకారం ఆరు.

అక్కడే, ఆ లడ్డూ నోట్లో ఉండగా, నాకు అరకు గుర్తొచ్చింది.

అది అంతకుముందు సంవత్సరం కార్తీకంలో. విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కి, 58 సొరంగాలు లెక్కపెడదామని కూర్చుని, ఇరవయ్యోదాని దగ్గర లెక్క తప్పి, లోయలో దిగాం. దిగగానే కొండవాలు మీద వలిసె చేలు, మడులు మడులుగా పసుపు. అబ్బ! అందరం 'పూలతోట' అంటున్నాం గానీ అది తోట కాదండీ, నూనెగింజల పంట. పువ్వు వాడితే తప్ప నల్లటి గింజ కట్టదు. ఆ సంగతి చేనుకి తెలుసు, తేనెటీగకి తెలుసు. ఫోటోకి వచ్చినవాళ్ళకే తెలియదు. చేనులోకి దూరి, మొక్కల మీద వెల్లకిలా పడుకుని, డ్రోన్ ఎగరేయించుకుంటోంది ఓ కొత్త జంట. గట్టుమీద కూర్చున్న రైతు మనిషికి ఇరవై రూపాయలు అడిగాడు. "పువ్వు చూడ్డానికి కూడా డబ్బులా బాబూ?" అని మా ఆవిడ సణిగింది. "చూడ్డానికి కాదమ్మా, తొక్కడానికి" అన్నాడతను. నేను నలభై ఇచ్చి గట్టుమీంచే చూశాను.

ఇదీ నేను ఆ చుట్టాలబ్బాయికి చెప్పాల్సిన జవాబు. ఆ చేలో అచ్చంగా చూడ్డానికే వచ్చినవాళ్ళు ఎవరో, మొక్కలు విరిచినవాళ్ళు ఎవరో మీరే చెప్పండి.

బతుకమ్మ సంగతి చూడండి. గునుగు అంటే చేలో కలుపు. ఏడాది పొడుగునా దాన్ని పీకి గట్టున పారేసే రైతింట్లోనే, భాద్రపద అమావాస్య వచ్చేసరికి దాన్ని వెతుక్కుంటూ వెళతారు. తెల్లటి కంకుల్ని రంగునీళ్ళలో ముంచి, తంగేడుతో వరసలు పేర్చి, దాని చుట్టూ తొమ్మిదిరోజులు పాట. ఆ కలుపుమొక్కని అంతసేపు అంత దగ్గరగా చూసినవాళ్ళు ఇంకెవరున్నారు?

మా చిన్నప్పుడు తురాయి కింద మేం చేసిందీ అదే. మొగ్గ రేకలు ఊడదీసి గోళ్ళకంటించుకుని రాక్షసులమయ్యేవాళ్ళం. కేసరాలు మెలేసి కోడిపందేలు ఆడేవాళ్ళం. తల తెగినవాడు ఓడినట్టు. తురాయికి ఐదు రేకలనీ, అందులో ఒకటి మాత్రం మచ్చలు మచ్చలుగా ఉంటుందనీ నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అది పుల్లగా ఉంటుందని తిని తెలుసుకున్నాను.

అన్ని పూలకీ ఇంత గారాబం లేదులెండి. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో ఏడాకుల పాల చెట్లు తెగ నాటారు. చలికాలం మొదట్లో అవి పూస్తే, రాత్రిళ్ళు ఆ ఘాటుకి కిటికీలు మూసుకుంటారు. మా వియ్యపురాలైతే ఆ చెట్టు పేరెత్తితేనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది.

ఆ ఆదిలాబాద్ ప్రయాణంలోనే, తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో మా ఆవిడ కనిపించకుండా పోయింది. చూస్తే వేపచెట్టు కింద పాత దినపత్రిక పరిచి, రాలిన పువ్వు పోగుచేస్తోంది. కండక్టరు విజిలేస్తున్నాడు. "రెండు నిమిషాలు బాబూ" అంటూనే దోసిళ్ళతో ఎత్తుతోంది. ఇంటికొచ్చాక మేడమీద ఎండబెట్టి సీసాలో పోసింది.

అదుగో, వంటింట్లో నేతిలో చిటపటమంటోంది, వాసన తగిలిందా? ముందు ముద్దలోకి వేపపువ్వు, తర్వాత చారు. విస్తరాకు మోదుగదే. లేవండి, అన్నం చల్లారిపోతుంది.