కులం గడిలో ఏం రాద్దాం?

మందసలో ఇంటర్ రెండో ఏడాది చదివే పిల్లలున్న ఇళ్లలో సంక్రాంతి దాటిందంటే పుస్తకాలు వెనక్కి పోతాయి, కాయితాలు ముందుకొస్తాయి. టెన్త్ మెమో, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, రేషన్ కార్డు, ఆదాయం కాయితం, కులం కాయితం. అందరికీ ఇదే జాతర. అందరితో పాటు మేమూ తిరుగుతాం. కాకపోతే కులం కాయితం దగ్గర మిగతావాళ్లు ఒక్క మాట చెప్పి బయటికొచ్చేస్తారు. మేం మాత్రం అక్కడే నిలబడిపోతాం.

'మీరేటోల్లండి?'

'ముస్లింలమండి.'

'అది మతమండి బాబూ. నానడిగింది కులం.'

అడిగిన మనిషిది తప్పు కాదు. ఆయన ముందున్న కాయితంలో రెండు గడులున్నాయి. ఒకటి మతానికి, ఒకటి కులానికి. మేం రెండింటికీ ఒకే మాట చెబుతున్నాం. పిల్ల ఒకటో తరగతిలో చేరినప్పుడు పంతులుగారు రిజిస్టర్‌లో రెండు చోట్లా 'ముస్లిం' అనే రాసుకున్నారు. ఆయనకీ మరో మాట తట్టలేదు. రాష్ట్రంలో ముస్లింలు అతి తక్కువగా ఉన్న జిల్లాల్లో మాదొకటి. మందసలో మా ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊరికి మేం సాయిబులం. అంతే. అందులో మళ్లీ రకాలుంటాయని ఊరికెందుకు తెలియాలి?

మా దాదీ బతికున్నన్నాళ్లూ ఒకటే చెప్పేది... మన దీన్‌లో జాత్ లేదు బేటా, నమాజులో నిలబడితే భుజానికి భుజం ఆనాలి అని. ఆవిడ చెప్పింది నిజం. చెప్పకుండా వదిలేసిందీ నిజమే. సయ్యదుల ఇంటికి దూదేకుల పిల్ల కోడలుగా వెళ్లిన నిఖాలు ఎన్ని చూశాం మనం? బయటివాడికి అందరం తురకలమే. లోపల షేకులం, పఠాన్లం, దూదేకులం, లబ్బీలం. భుజానికి భుజం మస్జిద్ మెట్ల దాకానే. ఈ మాట మేం బయట అంటే మా పెద్దలకు కోపం. అనకపోతే మా పిల్లకు సీటు రాదు!

మేం 1990లలో డిగ్రీకి వెళ్లినప్పుడు ఈ తంటా లేదు. ఆ గడిలో 'ఓసీ' అని రాసి ఇచ్చేశాం. రెడ్లు, కమ్మలు, బ్రాహ్మలు, మేమూ ఒకే గడిలో ఉన్నాం. సైకిళ్లకు పంక్చర్లేసే షాపు కొడుకు, వెయ్యి కొబ్బరిచెట్ల ఆసామి కొడుకు ఒకే వరసలో పోటీ పడ్డారు. దాన్ని మెరిట్ అన్నారు. దూదేకులవాళ్లు మాత్రం బీసీ-బిలో ఉండేవాళ్లు. మిగతా ముస్లిం పేదల్లో చాలామంది కాయితం మీద అగ్రకులమే. అప్పుడు మాకు నవ్వు రాలేదు, ఇప్పుడొస్తోంది.

2004లో ముస్లింలందరికీ 5 శాతం అంటూ జీవో వచ్చింది. హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు. అదీ నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత మతం మొత్తానికి అని కాకుండా, వెనకబడిన 14 ముస్లిం తెగలను విడదీసి 4 శాతం ఇచ్చారు. బీసీ-ఇ అని పేరు పెట్టారు. ఆ జాబితా ఒకసారి చదవండి. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, ఫకీర్లు, హజామ్‌లు, ఖురేషీలు, తురక కాశలు, సిద్దీలు... నవాబులు తప్ప ముస్లింలే లేరనుకునే మన సినిమాలవాళ్లు ఈ పేర్లు గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఎలుగుబంటిని ఆడించినవాళ్లు, గడ్డాలు గీసినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు, రాళ్లు చెక్కినవాళ్లు. అందులోనే షేకులూ ఉన్నారు. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బొహరా, ఖోజాలకు లేదన్నారు. మా దాదీ లేదన్న జాత్‌ను సర్కారు అకారాది క్రమంలో అచ్చేసింది.

2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల హైకోర్టు ధర్మాసనం ఆ చట్టాన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దాన్ని నిలబెట్టింది. అప్పట్నుంచి బీసీ-ఇ సీటులో కూచున్న ప్రతి పిల్లా ఆ మధ్యంతర ఉత్తర్వు మీదే కూచుంది. ఇంజనీర్లయ్యారు, డాక్టర్లయ్యారు, పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నారు... మధ్యంతరంగానే.

ఇక మా ఇంటి సంగతి. 2025లో ఇంటర్ రాసింది మా తమ్ముడి కూతురు. తమ్ముడు పలాసలో జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. ఇంటికి అరెకరం జీడితోట ఉండేది. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి ఉద్దానమంతా కూల్చినప్పుడు అదీ పోయింది. కొబ్బరి, జీడి నాటితే కాపుకొచ్చేదాకా ఏళ్లు పడుతుంది. ఈలోపు పిల్ల ఇంటర్‌కొచ్చేసింది.

ఉద్దానంలో ప్రతి ఇంటికీ ఒక డాక్టర్ కావాలని ఉంటుంది. అది గొప్ప కోసం కాదు. కిడ్నీలు పోయి మంచాన పడ్డవాళ్లు లేని వాడ లేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచేదాకా విశాఖకు తిరిగి తిరిగి, పొలాలమ్మి, అక్కడే కన్నుమూసినవాళ్లను మేం చూశాం. మా అబ్బా అలాగే పోయారు. కాబట్టి పిల్లకు బైపీసీ అని ఆమె టెన్త్ పరీక్షలకంటే ముందే ఇంట్లో తీర్మానం జరిగిపోయింది. పిల్లని ఎవరూ అడగలేదు. అడిగితే హిస్టరీ అని చెప్పేది.

హిస్టరీ పిచ్చి ఎక్కడ పట్టిందంటే గున్నమ్మ దగ్గర. మందస జమీందారు మీద రైతులు తిరగబడ్డప్పుడు, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు తూటాలకు చనిపోయిన గున్నమ్మ. ఆ ఊరికి బడివాళ్లు తీసుకెళ్లారు. వచ్చిన రోజు నుంచి ఒకటే ప్రశ్నలు. జమీందార్లకు ముందెవరు బడే అబ్బా? అప్పుడు మనవాళ్లు ఎక్కడున్నారు? శ్రీకాకుళంలో 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మస్జిద్ ఉందని, గోల్కొండ నవాబుల కాలంలో ఇదంతా చికాకోల్ సర్కారని మేం చెప్పాం. 'అయితే మనమెప్పుడొచ్చామని క్లాసులో అడిగితే ఇది చెప్పొచ్చా?' అంది. అలా అడుగుతారా అంటే తల దించుకుంది. క్రికెట్ మ్యాచ్ అయిన మర్నాడు అడుగుతారట, నవ్వుతూనే. ఆ మాట వింటే ఒక సంగతి గుర్తొస్తుంది. 2018లో బతుకుతెరువుకి గుజరాత్ పోయి, సముద్రం మీద గీత కనబడక పాకిస్తాన్ జైల్లో పడి, 2020 జనవరిలో తిరిగొచ్చినవాళ్లు మా జిల్లా జాలర్లు. మాలో ఒక్కడూ ఆ దేశం మొహం చూడలేదు.

జనవరిలో పిల్ల నోటుబుక్కు వెనక పేజీలో కాలేజీల జాబితా రాసుకుంది. వాళ్లమ్మ కోసం మూడు రాసింది. బీఎస్సీ నర్సింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ. తన కోసం రెండు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఎం.ఏ. హిస్టరీ, లేదంటే శ్రీకాకుళంలో బీఏ. బెంగళూరు అని రాసి కొట్టేసింది. ఎందుకు కొట్టేశావని మేం అడగలేదు. 2022లో కర్ణాటక కాలేజీల గేట్ల దగ్గర స్కార్ఫులు విప్పించిన దృశ్యాలు ఇంట్లో అందరూ చూశారు. ఆ అక్టోబర్‌లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు చెప్పారు. తల్లికి రెండు తీర్పులక్కర్లేదు, ఒక్క భయం చాలు.

మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీకి పెట్టకూడదా అని బరంపురం నుంచి వాళ్ల మామూ ఫోన్ చేశాడు. పెట్టొచ్చు. 1998లో కేంద్రం హైదరాబాద్‌లో పెట్టిన యూనివర్సిటీ అది. కాని అక్కడ చేరాలంటే బడిలోనో మదర్సాలోనో ఉర్దూ చదివినట్టు కాయితం ఉండాలి. మా పిల్ల పుట్టినప్పట్నుంచీ అమ్మీతో ఉర్దూలోనే పోట్లాడుతోంది. కలలు కూడా అందులోనే కంటుందేమో. కాని అలీఫ్ బే దాటి చదవలేదు. మా వైపు ఉర్దూ చెప్పే బడి ఏది? మేం ఉర్దూ రాయడం నేర్చుకున్నది ఒక ముసలి మౌల్వీ దగ్గర, మగ్రిబ్ తర్వాత, పలక మీద. ఆయన పోయాడు, పలకా పోయింది. మా ఉర్దూ విని హైదరాబాదోళ్లు నవ్వుతారు, మా తెలుగు విని విజయవాడోళ్లు నవ్వుతారు.

మరి ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఏం చదివిందంటారా? సంస్కృతం! మార్కులొస్తాయని కాలేజీవాళ్లు అందరికీ అదే ఇచ్చారు. 'సాయిబుగారి గుంటకి సంస్కృతంలో తొంబై అయిదట' అని వీధిలో చెప్పుకున్నారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు విచిత్రంగా చూశారు. మాకు సంస్కృతం మీద కోపం లేదు. కాళిదాసు చదివితే సంతోషించేవాళ్లం. చదవలేదు. తెలుగు అక్షరాల్లో బట్టీ పట్టి రాసింది. అలా ఒక్క దెబ్బకి తెలుగు పోయింది, ఉర్దూ రాలేదు, సంస్కృతం అంటలేదు. మెమోలో మాత్రం తొంబై అయిదుంది.

ఆ ఏడాది మార్చిలో పరీక్షలూ రంజానూ కలిసొచ్చాయి. సహెరీకి లేచి బోటనీ చదివి, మొదటి రెండు పరీక్షలు రోజా ఉండే రాసింది. మూడో దానికి వాళ్లమ్మే ఉండొద్దంది, తర్వాత ఖజా తీర్చుకోవచ్చని. ఇందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు, అందరి ఇళ్లలోనూ జరిగేదే.

అసలు తిరుగుడు ఫారాల దగ్గర. రాష్ట్రం ఫారంలో మా పిల్ల బీసీ-ఇ. కేంద్రం ఫారంలోకి వెళితే ఓబీసీ జాబితాలో దూదేకుల ఉంది, షేక్ లేదు. అంటే మందసలో వెనకబడిన పిల్ల సెంట్రల్ యూనివర్సిటీ గేటు దగ్గరికెళ్లేసరికి ముందుకెళ్లిపోయిందన్నమాట. ఇది మా ఒక్కరి గొడవ కాదు. మా పక్కింటి తూర్పు కాపుల కుర్రాడిదీ ఇదే పేచీ. వాళ్లూ, శిష్టకరణాలూ కేంద్రం జాబితాలో చేర్చమని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. ఆ అబ్బాయీ మా పిల్లా ఒకే నెట్ సెంటర్ బెంచీ మీద కూచుని ఒకరి ఫారం ఒకరు చూసుకున్నారు.

అయితే కేంద్రం దృష్టిలో ఓసీ కదా, 2019లో పెట్టిన ఈడబ్ల్యూఎస్ పది శాతంలో అడుగుదామన్నాం. 8 లక్షల ఆదాయం మా ఇంటికి కలలో కూడా లేదు. ఆ కాయితం కోసం ఒక ఆఫీసుకెళితే అక్కడి గుమాస్తా మా వైపు జాలిగా చూశాడు.

'మొన్న బీసీ అని మీరే రాయించుకున్నారు. ఇప్పుడు ఓసీ పేదలంటారేటండి? రెండిట్లో ఏదో ఒకటి సెప్పండి.'

రెండూ మేం చెప్పినవి కావు బాబూ, ఒకటి అమరావతి చెప్పింది, ఇంకోటి ఢిల్లీ చెప్పింది అన్నాం. ఆయన ఆలోచించాడు. మంచివాడే. పైవాళ్లనడగాలి, సోమవారం రండన్నాడు. ఆ సోమవారం మళ్లీ సోమవారమైంది. ఈలోపు ఇంకో చిక్కు. టెన్త్ మెమోలో 'షేక్', ఆధార్‌లో 'షైక్', తండ్రి ఆధార్‌లో పొట్టిగా 'ఎస్కే'. ఈ మూడూ ఒక్కటేనని రుజువు చేసుకోవాలి. ఇంటిపేరు ముందు రాసే తెలుగు ఫారంలో, ఇంటిపేర్లే లేని మేం, తాతల నాటి బిరుదు ఒకటి ఇంటిపేరుగా తగిలించుకున్నాం. అది కులంగానూ పనికొస్తుందని 2007లో తెలిసింది. దాని స్పెల్లింగుకి ఇంత ఖరీదుంటుందని ఇప్పుడు తెలిసింది. స్టాంపు పేపరు, నోటరీ, ఒక రోజు జీతం.

సెంట్రల్ ఫారం గడువు అయిపోయే రోజుకి ఆ కాయితం రాలేదు. జనరల్ అని నొక్కింది. విశాఖ వెళ్లి పరీక్ష రాసింది. జనరల్‌లో సీటు అందలేదు.

ఇంట్లో నర్సింగ్ మాట మళ్లీ లేచింది. అందులో న్యాయముంది, మేం కాదనలేకపోయాం. నర్సింగ్ చదివితే జీతం కనబడుతుంది. హిస్టరీ చదివితే ఏం కనబడుతుందో బీఏ చదివిన మా కంటే ఎవరికి బాగా తెలుసు? తమ్ముడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, 'శ్రీకాకుళంలో అయితే శనివారం శనివారం ఇంటికి రావొచ్చు కదా' అన్నాడు. అదే ఒప్పుకోలు. వాళ్లమ్మ ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు.

అలా శ్రీకాకుళంలో హిస్టరీ ఆనర్స్‌లో చేరింది. రాష్ట్రం ఫారం కాబట్టి బీసీ-ఇ అని రాసింది. హాస్టల్ నుంచి చేసిన మొదటి ఫోన్‌లో తిండి గురించి, దోమల గురించి, జామియా మస్జిద్ బయటి నుంచి చూసొచ్చిన సంగతి గురించి చెప్పింది. ఆఖర్న, పెట్టేసే ముందు...

'బడే అబ్బా, ఈసారి సెకండ్ లాంగ్వేజ్ తెలుగు తీసుకున్నా.'