చేరిన తేదీ

పింఛను గురించి ఎవరైనా అడిగితే నేను జీతం అడగను, చేరిన తేదీ అడుగుతాను. మా బళ్ళారి శాఖలో పక్కపక్కనే కూర్చుని ఒకే పని చేసే ఇద్దరికి ముసలితనం రెండు రకాలుగా ఉండబోతోంది. తేడా ఆ తేదీలోనే ఉంది.

నేను 1994లో చేరాను. అప్పట్లో మా బ్యాంకులో పింఛను లేదు. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ చేతికిచ్చి, పూలదండ వేసి పంపేవారు. 1995 సెప్టెంబరులో పింఛను నిబంధనలు వచ్చాయి. ఫండులో బ్యాంకు కట్టిన వాటా వదులుకుంటేనే పింఛను. చేతిలో ఉన్న సొమ్మే సొమ్మని చాలామంది పెద్దవాళ్ళు వద్దన్నారు. 2010లో వారికి మరో అవకాశం ఇచ్చారు. ఆ ఏడు ఏప్రిల్ 1 నుంచి చేరినవారికి మాత్రం పాత తలుపు మూసేసి ఎన్.పి.ఎస్. అన్నారు.

మా పింఛను చివరి పది నెలల సగటు జీతంలో సగం. అదీ ముప్పైమూడేళ్ళ సర్వీసు ఉంటేనే. అయితే దీనికో పలుపుతాడు ఉంది. ‘రాజీనామా’ అని రాసిచ్చామా, గడిచిన సర్వీసంతా గల్లంతు. ఇరవై ఏళ్ళు నిండాక ‘స్వచ్ఛంద పదవీ విరమణ’ అని రాస్తే పింఛను వస్తుంది. 2006లో బెంగుళూరులోని ఒక ప్రైవేటు బ్యాంకు నన్ను పిలిచింది. అప్పటికి పన్నెండేళ్ళ సర్వీసు. వెళ్ళలేదు. ఊరి మీద మమకారమని ఇంట్లో చెప్పాను గానీ, అసలు మమకారం 22వ నిబంధన మీద.

మొన్న మా మేనల్లుడు ఇదే ప్రశ్నతో వచ్చాడు. వాడికి ఇరవైతొమ్మిదేళ్ళు, 2021లో బ్యాంకులో చేరాడు. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ శాఖలో ఉద్యోగం వచ్చింది. జీతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. "పింఛను ఏది మేలు మామా?" అన్నాడు.

బ్యాంకులో వాడికి పలుపు లేదు. జీతం, కరువు భత్యం మీద వాడు 10 శాతం, బ్యాంకు 14 శాతం కడతారు. ఎక్కడికి పోయినా ఆ ఖాతా వెంట వస్తుంది. అరవయ్యో ఏట నెలకెంత వస్తుందో మాత్రం ఎవరూ రాసివ్వరు. కేంద్రంలో 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పింఛను పథకం ఉంది. కొత్తగా చేరినవాడు 30 రోజుల్లో కోరుకోవాలి. 25 ఏళ్ళు చేస్తే చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం, పైన కరువు సాయం. మనిషి పోతే భార్యకు ఆ పింఛనులో 60 శాతం. మధ్యలో రాజీనామా చేస్తే మాత్రం ఆ హామీ లేదు. అంటే పలుపు మళ్ళీ వచ్చిందన్నమాట! వాడికింకా ముప్పై ఏళ్ళుంది గనుక, బ్యాంకు సర్వీసు లెక్కలోకి రాకపోయినా 25 నిండుతాయి.

సగం అనగానే మురిసిపోవద్దనీ చెప్పాను. మా మేనేజరు ఒకాయన 2002లో రిటైరయ్యారు. ఆయన మూల పింఛను ఆనాటి జీతంలో సగం దగ్గరే నిలిచింది. కరువు భత్యం పెరుగుతుంది, తర్వాతి జీతాల ఒప్పందాలు దాన్ని తాకవు. 2024 మార్చి ఒప్పందంలో నెలనెలా కొంత మొత్తం కలిపారు గానీ, మూలం మారలేదు. ఇవాళ దిగిపోయే గుమాస్తాకు ఆయనకన్నా ఎక్కువ వస్తుంది. భర్తలు పోయిన ఆడవాళ్ళ పాట్లు ఇంకా ఎక్కువగా ఉండేవి. బ్యాంకుల్లో కుటుంబ పింఛనుకు గరిష్ఠ పరిమితి ఉండేది, 2021లో గానీ దాన్ని తీసేసి జీతంలో 30 శాతం చేయలేదు. ఏటా నవంబరులో బతికున్నట్టు కాగితం ఇవ్వడానికి వచ్చే ఒకావిడ, కన్నడంలో ఉన్న ఫారం నా ముందు పెట్టి, "ఈసారన్నా పెరిగినాదా నాయనా?" అని తెలుగులో అడిగేది. పెరిగిన ఏడు ఆమెకు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

ఇదంతా చూసినవాణ్ణి గనుక కేంద్రానికే పొమ్మన్నాను. మార్కెట్టు భారం వాడొక్కడి నెత్తిన ఉండటం నాకు నచ్చలేదు. మా అక్క పక్కన కూర్చుని అంతా వింది. ఆమెకు శాతాలు పట్టవు. భార్యకు 60 అన్న మాట దగ్గర మాత్రం నన్ను ఆపింది.

"అయితే ముందు ఆ పిల్లను చూడురా, తర్వాత వీణ్ణి ఏ ఊరికేస్తారో కనుక్కుందువు" అంది.