గుడివాడ చేరిన హీటరు

2019 జనవరి ఆఖరి వారం. బుధవారం చలి చంపేస్తుందట అని షికాగో అంతా ఒకటే మాట. సరిగ్గా అప్పుడే నా కారు హీటరు మూగబోయింది. అంతకుముందు నెల్లాళ్ల నుంచి గ్లవ్‌బాక్సు వెనక ఏదో కీచుమంటూనే ఉంది. పాటల సౌండు పెంచి ఊరుకున్నాను.

అక్కడ హీటరు సుఖానికి కాదు. వేడి ఎలాగూ ఇంజను నీళ్లలోంచే వస్తుంది. దాన్ని లోపలికి ఊదే బ్లోయరు తిరక్కపోతే మన ఊపిరే అద్దానికి లోపలివైపు పట్టి గడ్డకడుతుంది. రెండు రోజులు పాత బ్యాంకు కార్డుతో గీకి, అరచేయంత సందులోంచి రోడ్డు చూసుకుంటూ ఆఫీసుకెళ్లాను. షాపులో నాలుగు వందల డాలర్లన్నారు. మోటారు ఒక్కటే కొనుక్కుంటే అరవై.

శనివారం రాత్రి, అంటే గుడివాడలో ఆదివారం పొద్దున, నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. హీటరున్న బండి జన్మలో ముట్టుకోలేదు.

"హీటరెందుకురా? మా బస్సులో బానెట్ పక్కన కూర్చుంటే ఒళ్లు ఉడికిపోయేది," అని నవ్వి, వెంటనే పనిలో పడ్డారు. "ఫ్యూజు చూశావా?"

"బానే ఉంది నాన్నా. ఆఖరి నంబర్లో కూడా తిరగట్లేదు." రెసిస్టరు పోతే ఆ ఒక్క నంబరైనా పనిచేస్తుంది. అనుమానమంతా మోటారు మీదే.

"ఆన్‌లో పెట్టి స్క్రూడ్రైవరు పిడితో దాని డొక్కలో రెండు తట్టు. సెల్ఫ్ మోటారుకి తడతామే, అలా."

తట్టాను. మూలిగింది, నాలుగు చుట్లు తిరిగింది, ఆగింది.

"బ్రష్షులరిగాయిరా," అన్నారు, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే.

మర్నాడు పొద్దున అపార్ట్‌మెంటు పార్కింగులో మొదలుపెట్టాను. ముఖానికెదురుగా ఎయిర్‌బ్యాగుంది కాబట్టి ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాను. గ్లవ్‌బాక్సు రెండు పక్కలా నొక్కితే ఊడొచ్చింది. మోటారుకి ఉన్నవి మూడే స్క్రూలు. రెండు ఇట్టే వచ్చాయి. మూడోది మోటారు వెనక, కంటికి కనబడని చోట. సీటు మీద కాళ్లు, కాళ్లు పెట్టుకునే చోట తల. గ్లవ్స్ ఉంటే స్క్రూ తెలియదు, తీస్తే వేళ్లు తెలియవు. ఆ ఒక్కదానికే ముప్పావుగంట పట్టింది.

మోటారు దించితే దాని ఫ్యాను, నిలువు రెక్కల చిన్న డ్రమ్ములాంటిది, నిండా ఎండు మేపిల్ ఆకులు, పీలికలైన టిష్యూ పేపరు, మధ్యలో పసుపుపచ్చ బియ్యం. బియ్యమేమిటో కాసేపు అర్థం కాలేదు. కారు కొన్నప్పుడు అరోరా బాలాజీ గుళ్లో వాహన పూజ చేయించి, అక్షింతల పొట్లం గ్లవ్‌బాక్సులో పెట్టి మరిచిపోయాను. ఏ చిట్టెలుకో దాన్ని కొరికి, గింజగింజా మోసుకెళ్లి అక్కడ కాపురం పెట్టింది. ఫోన్లో చూపిస్తే అమ్మ లెంపలేసుకుంది. నాన్న మాత్రం "ఆ షాఫ్టు తిప్పు, వింటాను," అన్నారు.

కొత్తది బిగించి, గ్లవ్‌బాక్సు పెట్టకముందే ఆన్ చేశాను. ఇంజను వేడెక్కేదాకా చన్నీళ్లు కొట్టినట్టు గాలి. ఆ తర్వాత వెచ్చగా తగిలేసరికి మొద్దుబారిన వేళ్లు భగ్గుమన్నాయి.

బుధవారం షికాగోలో మైనస్ 23 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 31 డిగ్రీలకి దిగింది. ఉత్తరాల బట్వాడా కూడా ఆపేశారు. మా ఆఫీసూ మూశారు. అంత అవస్థపడి బాగుచేసిన కారు ఆ రోజు పార్కింగులోంచి కదలనే లేదు.

పాత మోటారు చెత్తలో పడేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "వచ్చేటప్పుడు పట్రా," అన్నారు. మే నెలలో తువ్వాలులో చుట్టి, పెట్టెలో పెట్టి తీసుకెళ్లాను. పూట తిరక్కుండా ఎక్కడివో బ్రష్షులు తెచ్చి, అరగదీసి సరిపెట్టి, ఇన్వర్టరు పాత బ్యాటరీకి తగిలించారు. కరెంటు పోయిన మధ్యాహ్నం పడక్కుర్చీ ముందు పెట్టుకుని, బనీను కొంచెం పైకి లాక్కుని, "పర్లేదురా, మీ హీటరు చల్లగానే ఉంది," అన్నారు.