నేరం ఒప్పుకున్నాను

ముప్ఫయ్యేళ్ళు లా కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి. మా వీధి మురుగుకాలువ నాకొక పరీక్ష పెడితే, దానికి హాజరే కాలేదు.

కిందటి మునిసిపల్ ఎన్నికల ముందు వీధి పెద్దలు నలుగురు వచ్చి, "మాస్టారూ, ఈసారి మీరే నిలబడాలి. చట్టం తెలిసినవారు మన వార్డులో మీరొక్కరే" అన్నారు. "చదువుకున్నవాళ్ళకు ఆ రొంపి ఎందుకండీ!" అని నవ్వేసి, కాఫీ ఇచ్చి పంపించాను. మా ఆవిడ గ్లాసులు తీస్తూ, "రొంపి అని కాదు, ఓడిపోతారని భయం" అంది. నాకు ఒళ్ళు మండింది. నిజమైన మాటకే గదా మండేది! ఆ వానాకాలం కాలువ పొంగి, బడిపిల్లలు మోకాలిలోతు మురుగులో నడిచి వెళ్ళారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఈమధ్య ఇవో యోసిపోవిచ్ గారి జీవితం చదివాను. ఆయనదీ నా వృత్తే. 1957లో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో పుట్టి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే క్రిమినల్ ప్రొసీజరు బోధించారు. సంగీత రచనలోనూ పట్టా పుచ్చుకుని, యాభైదాకా కృతులు కూర్చారు. పాఠమూ పాటా ఉన్న మనిషికి ఇంకేం కావాలి? 1994లో రాజకీయాలు వద్దనుకుని తప్పుకున్నారు కూడా. అయినా 2003లో తిరిగివచ్చి పార్లమెంటు సభ్యులయ్యారు. 2005లో జాగ్రెబ్ నగరసభలోనూ కూర్చున్నారు. 2010 జనవరిలో దేశాధ్యక్ష పదవికి తుదిపోటీ ఎవరితోననుకున్నారు? ఆ నగరం మేయరు మిలాన్ బాండిచ్‌తో! ప్రొఫెసరుగారు నూటికి అరవై ఓట్లతో గెలిచారు.

నన్ను కదిలించింది ఆ గెలుపు కాదు. ఆ ఏప్రిల్‌లో ఆయన బోస్నియా పార్లమెంటులో నిలబడి, 1990లలో అక్కడి జనం పడిన బాధలకు తమ దేశపు విధానమూ తోడయిందని ఒప్పుకుని, విచారం తెలిపారు. మర్నాడు ఆహ్మిచి గ్రామానికి వెళ్ళారు. 1993లో క్రోయాట్ సైనికులు నూరుమందికి పైగా ముస్లిములను చంపిన ఊరది. క్రోయాట్లు బలైన ఊరికీ వెళ్ళి నివాళులర్పించారు. స్వదేశంలో ప్రధానమంత్రే తప్పుపట్టారు.

2015 జనవరిలో మళ్ళీ నిలబడి, నూటికి ఒకటిన్నర ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాత పెట్టిన కొత్త పార్టీ కూడా కలిసిరాలేదు. మళ్ళీ తన పాఠాలకూ సంగీతానికీ వెళ్ళిపోయారు. ఓటమి ఆయన పదవిని తీసుకుంది. బోస్నియాలో అన్న మాటను మాత్రం తీసుకోలేకపోయింది.

నేరం ఒప్పుకోవడం గురించి నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడతో, "ఆనాడు నువ్వన్నది నిజమేనే. అది భయమే" అన్నాను.

ఆవిడ మజ్జిగ పోస్తూ, "ఒప్పుకున్నారు గనక శిక్ష తగ్గిస్తున్నాను. ఎన్నికలదాకా ఆగక్కర్లేదు. కాలువ సంగతి అర్జీ రాసి, మీరే పట్టుకెళ్ళండి" అంది.

అర్జీ రాశాను. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాను. నిన్నటికి నలభై మూడు అయ్యాయి. మొదటి సంతకం మా ఆవిడదే.