ఎనిమిదికి బదులు పది

మా హాస్టల్ రూమ్‌లో ఒక పోపుల డబ్బా ఉంది. వంట చేసుకోవడానికి కాదు, అందులో స్క్రూలు ఉంటాయి. స్టీల్ డబ్బా, లోపల ఏడు గిన్నెలు. అమ్మ కొత్తది కొనుక్కుంటే పాతది నేను తెచ్చుకున్నా. ఎన్నిసార్లు కడిగినా జీలకర్ర వాసన మాత్రం పోలేదు. మా ఫ్లోర్‌లో త్రీడీ ప్రింటర్‌తోనో ఆర్డినోతోనో కుస్తీ పట్టేవాళ్లంతా ఆ డబ్బా కోసమే మా తలుపు కొడతారు. అది మా రూమ్‌కి రావడానికి కారణం నేను చేసిన ఒక వెధవ పని.

పోయిన సెమిస్టర్‌లో టెక్ ఫెస్ట్ కోసం నేనూ నా ఫ్రెండూ కలిసి పెన్ ప్లాటర్ చేశాం. పేపర్ మీద పెన్నుతో బొమ్మలు గీసే మెషీన్. ప్రింటింగూ బిగింపూ నావి, కోడ్ వాడిది. రెండు నీమా 17 మోటార్లు, ఒక్కోదానికి నాలుగు ఎం3 స్క్రూలు. ప్లేట్ మందం 5 మిల్లీమీటర్లు, మా మోటార్‌లో రంధ్రం లోతు 4.5. కాబట్టి 8 మిల్లీమీటర్ల స్క్రూ సరిగ్గా సరిపోతుంది. డెమో ముందు రోజు రాత్రి పదకొండింటికి చూస్తే అవి నాలుగే ఉన్నాయి. పది మిల్లీమీటర్లవి మాత్రం గుప్పెడు ఉన్నాయి. రెండు మిల్లీమీటర్లకి ఏమవుద్దిలే అని రెండో మోటార్‌కి అవే బిగించేశా.

ఏమైందో ఇప్పుడు లెక్కేస్తే తెలుస్తుంది. పదిలో ప్లేట్‌కి అయిదు పోతే మిగిలింది అయిదు. రంధ్రం నాలుగున్నరే. స్క్రూ అడుగుకి తగిలి ఆగిపోయింది, చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంది. కానీ దాని తలకీ ప్లేట్‌కీ మధ్య అర మిల్లీమీటర్ ఖాళీ. దిశ మారినప్పుడల్లా బెల్ట్ లాగుడికి మోటార్ ఊగుతోంది. సున్నా గీయమంటే కోడిగుడ్డు గీసింది, అదీ చివర కలవలేదు.

"నీ కోడ్ చూడు" అన్నా. వాడు చూశాడు. స్టెప్పులు మార్చాడు, స్పీడ్ తగ్గించాడు, లైబ్రరీయే మార్చేశాడు. రాత్రి రెండింటికి నాకు ఆ పది గుర్తొచ్చింది. నిజంగా గుర్తొచ్చింది. కానీ అప్పటికే వాడి మీద రెండుసార్లు అరిచి ఉన్నా, ఇప్పుడెలా చెప్పను? కోడ్‌లోనే ఏదో ఉందని నాకు నేనే నచ్చజెప్పుకున్నా. వాడు నాలుగు దాకా కూర్చున్నాడు.

డెమోలో మా మెషీన్ రాయాల్సింది 'అ'. ఏం రాసిందో చెప్పను.

సాయంత్రం విప్పుతుంటే వాడి చేతిలో మోటార్ కదిలింది. స్క్రూ బయటికి తీసి, పక్క మోటార్ స్క్రూ పక్కన నిలబెట్టి చూశాడు. నాకేసి చూశాడు. ఏమీ అనలేదు, దాన్ని నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కో స్క్రూకి రెండు వాషర్లు వేసి ఉంటే పనైపోయేది. ఒక్కో వాషర్ అర మిల్లీమీటర్ మందం. మా దగ్గర వాషర్లూ లేవు. రింగ్‌లు ప్రింట్ చేసుకోవచ్చు, ప్రింటర్ పక్కనే ఉంది. నిజం ఒప్పుకుంటే కదా ఐడియా వచ్చేది!

ఆ శనివారం ఒక్కణ్నే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లా. "ఎం3 స్క్రూలు కావాలి" అంటే షాపాయన "తల ఏది తమ్మీ? అలెనా, పానా, సీఎస్‌కేనా?" అన్నాడు. పొడవు కొలిచేది తల కిందనుంచి అనీ, సీఎస్‌కే అయితే తలతో కలిపి అనీ చెప్పాడు. అరిగిపోయిన ఒకటి చూపించి "దీని మరలు పోయినయ్" అన్నాడు. రోబోని మరమనిషి అంటారని తెలుసు గానీ థ్రెడ్‌ని మర అంటారని నాకు అప్పటిదాకా తెలీదు.

ఇప్పుడు గిన్నెల్లో ఎం3 ఎనిమిది, పన్నెండు, పదహారు, నట్లు, వాషర్లు, వేడి చేసి ప్లాస్టిక్‌లోకి దించే ఇత్తడి ఇన్‌సర్ట్‌లు ఉంటాయి. ఏడో గిన్నె రాస్‌ప్‌బెరీ పై కోసం, దానికి ఎం2.5 కావాలి. రెసిస్టర్లు వేరే కవర్లో. అన్ని విలువలూ కొనడం డబ్బు దండగ, 220 ఓములు, 1కే, 4.7కే, 10కేలతో మా పనులు చాలావరకు అయిపోతున్నాయి. వాటికి కోఠీ గుజరాతీ గల్లీయే.

ఎప్పుడు కొనాలన్నది అమ్మ పద్ధతి. ఆవాలు అయిపోయాక ఆవాలు కొనదు. డబ్బాలోవి అయిపోయి దాచిన ప్యాకెట్ కత్తిరించిన రోజే చీటీలో రాస్తుంది. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఆవాలు లేని రోజు నాకు గుర్తులేదు. మేమూ ఒక్కో సైజుకి ఒక ప్యాకెట్ అటకెక్కించాం. అది కత్తిరించినవాడు మూత మీద అతికించిన కాగితంలో రాయాలి. పది మిల్లీమీటర్లవి మాత్రం కొనలేదు. కొనాలనిపించట్లేదు, అంతే.

వాడికి సారీ చెప్పాను. రెండింటికే గుర్తొచ్చిందని కూడా చెప్పాను. అది చెప్పడమే కష్టమైంది. "ఊ" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు డబ్బా ముట్టుకోలేదు, ఏదన్నా కావాలంటే బయట కొనుక్కునేవాడు.

నిన్న ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఎనిమిది మిల్లీమీటర్ల ప్యాకెట్ కత్తిరించి ఉంది. మూత మీద వాడి చేతిరాత: "ఎం3, 8. రాణిగంజ్, శనివారం. నేనూ వస్తా."