ఎండ రాని వేసవి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. 2025లో మాత్రం మా పెరటి రోట్లో వాననీళ్ళు నిలిచాయి. జూన్ 1 ప్రాంతాన కేరళకు రావలసిన ఋతుపవనాలు మే 24నే వచ్చేశాయి; మా కోస్తాలో అంతకు ముందునుంచే ముసురు. చల్లబడిందని వీధంతా సంతోషించింది. అమ్మ ఒక్కతే ఆకాశంకేసి దిగులుగా చూసింది.

ఎండను మనం శత్రువనుకుంటాం గానీ, ఆవిడకు అది ఇంట్లో పనిచేసే మరో మనిషి. ఆ మనిషి రాకపోయేసరికి వడియాలు పెట్టనేలేదు. ఉప్పులో ఊరిన మాగాయ ముక్కలు ఫ్యాను కింద నాలుగు రోజులున్నా ఆరక బూజుపట్టాయి. ఏడాదికి సరిపడే జాడీ బోర్లించే ఉండిపోయింది.

పెరట్లో గచ్చు నిండా నాచు. డెబ్భై దాటిన ఆవిడ తులసికోట దాకా నడవాలంటేనే నాకు గుండె దడ. బ్లీచింగు పొడి చల్లి కొబ్బరిపీచుతో రుద్దాను. మామిడి పాదుకు గండి కొట్టి నీరు వదిలాను. దోమలు చేరకుండా కొబ్బరిచిప్పలు బోర్లించాను. తుంగను లాగితే ఆకే చేతికొస్తుంది, గడ్డ నేలలో మిగిలి మళ్ళీ మొలుస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడే గునపంతో లోతుగా పెకలించాలి. ముసురు నాకు చేసిన మేలు అదొక్కటే.

నాచు పోయింది, అమ్మ తులసి దగ్గరికి వెళ్ళగలుగుతోంది. అన్నంలో మొదటి ముద్దకు మాత్రం ఆవిడ చేయి అలవాటుగా జాడీవైపు వెళ్ళి ఆగేది.

మీ ఇళ్ళల్లో ఆ యేడు మాగాయ కుదిరిందా?